శ్రీలంకలో మలేరియా లేదంటారు కదా, మరి మా ఇంటికి ఆరోగ్య సిబ్బంది ఎందుకు వచ్చినట్లు?

విశాఖలో సెలవులు గడిపి కొలంబో చేరాక మీకు వైవాక్స్ మలేరియా బయటపడిందనీ, సిబ్బంది మీ అపార్ట్‌మెంట్‌కు వచ్చి ఇరుగుపొరుగు రక్తం కూడా తీసుకోవడంతో తలవంపులుగా ఉందనీ రాశారు. ఉద్యోగరీత్యా అక్కడున్నప్పుడు నాకూ ఇదే ఎదురైంది. వాళ్ల పని మిమ్మల్ని వేలెత్తి చూపడం కాదు, జబ్బు మళ్లీ వ్యాపించకుండా చూడడం.

స్థానికంగా కొనసాగుతున్న వ్యాప్తి వల్ల సోకిన చివరి కేసు అక్కడ 2012 అక్టోబరులో నమోదైంది. 2016 సెప్టెంబరులో మలేరియా రహిత దేశంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరణ లభించింది. ఆగినది వ్యాప్తి మాత్రమే, దోమలు ఎక్కడికీ పోలేదు. 1963లో కేసులు 17కు పడిపోయి, నిఘా సడలాక, ఆ దశాబ్దం ముగిసేలోపే ఏడాదికి 5 లక్షలు దాటిన అనుభవం ఆ దేశానిది. 2018 డిసెంబరులో, భారతదేశం నుంచి వచ్చిన ఒక కార్మికుడి ద్వారా మొనరాగల జిల్లాలో స్థానికుడికి సోకింది కూడా. మన నగరాల్లో నీళ్ల ట్యాంకుల్లో పెరిగే స్టీఫెన్సై రకం అనాఫిలిస్ దోమ (మలేరియాను మోసేది) 2016 చివర్లో శ్రీలంక వాయవ్య తీరంలోని మన్నార్‌లో కనిపించిందంటే, వాళ్ల కంగారు అకారణం కాదు.

నన్ను మొదట చూసిన క్లినిక్‌లో డెంగీ పరీక్షలు మాత్రమే చేసి పంపేశారు (జ్వరమంటే అక్కడ ముందు గుర్తొచ్చేది అదే, యువ వైద్యుల్లో చాలామంది మలేరియా రోగిని చూసి ఉండరు). రోజు విడిచి రోజు చలి, వణుకు వస్తున్నాయనీ, ఆంధ్ర నుంచి వచ్చాననీ మరో ఆసుపత్రిలో చెప్పాకే వేలికొసన పొడిచి, గాజు పలక మీద రక్తం పూసి చూశారు. తరువాత వచ్చిన సిబ్బంది మేడ మీది ట్యాంకులోనూ పూలకుండీల కింది పళ్లేల్లోనూ టార్చి వేసి లార్వాల కోసం వెతికారు. పక్కింటి పెద్దావిడ విసుక్కోకుండా వేలు చాపడమే కాక, సాయంత్రం నాకు ధనియాల కషాయం పంపారు.

అన్నిటికన్నా ముఖ్యమైనది మందు. వైవాక్స్ పరాన్నజీవి కాలేయంలో నిద్రాణంగా దాగి, నెలల తరువాత కూడా తిరగబెట్టగలదు. క్లోరోక్విన్ రక్తంలో ఉన్నవాటినే చంపుతుంది. అందుకే జి6పీడీ లోపం (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైము కొరత) లేదని పరీక్షించి, కాలేయంలో దాగినవాటిని చంపే ప్రైమాక్విన్ సాధారణంగా 14 రోజులు ఇస్తారు. జ్వరం తగ్గిందని మధ్యలో ఆపకండి, ఆ తరువాతి రక్తపరీక్షలకూ వెళ్లండి. మళ్లీ ఎప్పుడు జ్వరం వచ్చినా, వైద్యుడు అడగకముందే విశాఖ ప్రయాణం సంగతీ ఈ మలేరియా సంగతీ చెప్పండి. ఇరుగుపొరుగు దూరం జరుగుతుంటే, ఇది దోమ కుడితే తప్ప పక్కన కూర్చుంటే అంటుకునే జబ్బు కాదని ఆ సిబ్బంది చేతనే చెప్పించండి. మన మాట కన్నా వాళ్ల మాటకే విలువ ఎక్కువ.