బాబు అబద్ధాలు, గుంజీల శిక్ష: మీ ప్రశ్నకు సమాధానం

నమస్కారమండీ. మూతికి సున్నుండ పిండి అంటుకుని ఉండగానే మీ అయిదేళ్ల బాబు "నేను తినలేదు" అని బుకాయిస్తున్నాడనీ, గుంజీలు తీయించిన కొద్దీ అబద్ధాలు పెరుగుతున్నాయనీ రాశారు. తనకు తెలిసినది ఎదుటివారికి తెలియకపోవచ్చునని గ్రహించాకే పిల్లలు అబద్ధమాడగలుగుతారు కనుక, ఈ వయసులో దానిని చెడునడతగా భావించనవసరం లేదు. మూతి తుడుచుకోవాలని తోచలేదంటే, ఆ విద్య ఇంకా సగంలోనే ఉందన్నమాట.

అయితే గుంజీలు ఆ విద్యకు పదును పెడతాయి. మనస్తత్వ పరిశోధకులు విక్టోరియా తల్వార్, కాంగ్ లీ పశ్చిమ ఆఫ్రికాలోని రెండు బడుల్లో 3, 4 ఏళ్ల పిల్లలను పరిశీలించి 2011లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, చూడవద్దన్న బొమ్మను చాటుగా చూసి, చూడలేదని చెప్పడంలోనూ, ఆ అబద్ధాన్ని తడబడకుండా నిలబెట్టుకోవడంలోనూ, మందలింపుతో సరిపెట్టే బడి పిల్లల కంటే దెబ్బలు కొట్టే బడి పిల్లలే ముందున్నారు.

కాబట్టి, జవాబు తెలిసి కూడా "ఎవరు తిన్నారు?" అని నిలదీయడం మానండి, అది వాడిని మనమే అబద్ధంలోకి నెట్టడం. "సున్నుండ తిన్నావు కదా, మూతి కడుక్కుని రా, సాయంత్రం ఇక నీకు లేదు" అంటే చాలు. తనంతట తాను ఒప్పుకున్న రోజున మాత్రం, నిజం చెప్పినందుకు సంతోషంగా ఉందని పైకే చెప్పండి.

మరొక మాట, చనువుగా అంటున్నాను: ఫోను మోగినప్పుడు "నాన్న ఇంట్లో లేరని చెప్పు" అని బాబుచేత చెప్పిస్తున్నట్లయితే, ముందుగా దానిని ఆపండి.