అరెకిపాలో అద్దె ఇల్లు చూసుకునేముందు

సందేహం: పెరూలోని అరెకిపాకు గని ఉద్యోగం మీద కుటుంబంతో వస్తున్నాం. ఎత్తు ప్రదేశం కదా, ఇబ్బంది ఉంటుందా? ఇల్లు ఎలాంటిది చూసుకోవాలి?

జవాబు: ఎత్తు గురించి మరీ బెంగ వద్దు. ఊరు సముద్రమట్టానికి 2,335 మీటర్ల మీద ఉంది, అంటే ఊటీ కంటే కాస్తే ఎక్కువ. లీమా నుంచి విమానంలో గంటన్నరలో దిగేస్తారు కాబట్టి మొదటిరోజు తలనొప్పి, మెట్లెక్కితే ఆయాసం మామూలే. అసలు పొరపాటు ఆ వారాంతంలోనే కోల్కా లోయ చూడ్డానికి బయల్దేరడం. ఆ దారి పాటపంపా కనుమ దగ్గర 4,900 మీటర్లు దాటుతుంది. నాలుగైదు రోజులు ఊళ్లోనే ఉండి వెళ్లండి. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు ముందే డాక్టరును అడగాలి.

ఇక ఇల్లు. ఈ ఊరి చరిత్రా భూగోళమూ తెలియకుండా ఇల్లు చూస్తే మోసపోతారు.

మొదటిది నీరు. ఎదురుగా నున్నటి శంకువులా కనిపించే కొండ మిస్తి, 5,822 మీటర్ల అగ్నిపర్వతం. పక్కన చచానీ 6,000 మీటర్లు దాటుతుంది. ఏడాది మొత్తంలో పడే కాస్త వానా దాదాపు జనవరి, ఫిబ్రవరి, మార్చిల్లోనే పడుతుంది. ఆ నీరు కొండవాలు నుంచి చిలి నదిలోకి దిగే వాగుల్ని ఇక్కడ తొర్రెంతేరా అంటారు. మిగతా నెలల్లో అవి ఎండిపోయి, చెత్త పోసే పల్లంలానో, మట్టిరోడ్డులానో కనిపిస్తాయి. 2013 ఫిబ్రవరిలో వాటిలోంచే వరద ఊళ్లోకి విరుచుకుపడింది. ఆగస్టులో ఇల్లు చూస్తే ప్రమాదం కనబడదు. మ్యాప్‌లో పల్లం దారి పట్టుకుని చూడండి, గోడల అడుగున నీటి చారలు వెతకండి, పక్కింటివాళ్లను ఫిబ్రవరి సంగతి అడగండి. వాగు ఒడ్డున అద్దె తక్కువైతే అందుకు కారణం ఉందన్నమాట.

రెండోది రాయి. 1540 ఆగస్టు 15న స్పానిష్‌వాళ్లు ఈ ఊరికి పునాది వేశారు. ఇక్కడి తెల్లరాయి సియార్, అగ్నిపర్వత బూడిద గట్టిపడి ఏర్పడింది. తేలిక, ఉలికి సులువుగా లొంగుతుంది. 1579లో మొదలైన సాంతా కతలీనా మఠం నుంచి నడిబొడ్డున ఉన్న పాత భవంతుల దాకా అంతా దానితో కట్టిందే. 2000లో యునెస్కో వారసత్వ హోదా వచ్చింది కూడా అందుకే. కానీ అందంతో పాటు భూకంపాలూ ఉన్నాయి: 1868 ఆగస్టు 13, 2001 జూన్ 23. రెండోసారి ప్రధాన చర్చి గోపురం ఒకటి కూలింది. పాతవాళ్లు గోడలు మందంగా, కమాను కప్పులతో కట్టింది ఆ భయంతోనే.

అద్దెకు దిగేవాళ్లు చూడాల్సింది: పాత సియార్ గోడల మీద తర్వాత లేపిన పై అంతస్తు ఉంటే వద్దు. ఇటుక గోడను కాంక్రీటు స్తంభాలు, దూలాలు పట్టుకుని ఉన్న ఇల్లు మేలు. స్తంభం దగ్గర పగుళ్లు ఏటవాలుగా పోతున్నాయేమో గమనించండి. అన్నట్టు ఇక్కడ ప్రిమెర్ పీసో అంటే మన గ్రౌండ్ ఫ్లోరే.

మూడోది ఎండ. జూన్, జూలై నెలల్లో పగలు హాయిగా ఉన్నా రాత్రి వణికిస్తుంది, ఇళ్లలో హీటర్లు సాధారణంగా ఉండవు. దక్షిణార్ధగోళం కాబట్టి చలికాలం సూర్యుడు ఉత్తరం వైపు నుంచి వాలుతాడు. హాలుకు, పడకగదికి ఉత్తరం కిటికీ ఉంటే సాయంత్రం దాకా గది వెచ్చగా ఉంటుంది. వాస్తు చూసేవాళ్లకూ ఉత్తరం నచ్చుతుంది, ఇక్కడ మాత్రం సూర్యుడి లెక్క కూడా కలిసొచ్చింది! మధ్యాహ్నపు ఎండ చర్మాన్ని కాల్చేస్తుంది, చల్లగా ఉందని మోసపోవద్దు. పిల్లలకు టోపీ, సన్‌స్క్రీన్ తప్పనిసరి.

వంటింట్లో నీళ్లు సుమారు 92 డిగ్రీలకే మరుగుతాయి. పప్పు మామూలు గిన్నెలో పెడితే ఉడకక విసిగిస్తుంది. అరగంట నానబెట్టి, కుక్కర్లో రెండు మూడు విజిల్స్ అదనంగా రానివ్వండి. సాన్ కమీలో మార్కెట్లో దొరికే ‘రొకోతో’ అనే మిరప మన క్యాప్సికంలా కనిపిస్తుంది, కారం మాత్రం గట్టిదే. నల్ల గింజలు తీసేసి వాడండి. హోటల్లో దాన్ని కూరిన వంటకంలో మాంసం ఉంటుంది. శాకాహారులు "సిన్ కార్నే" (మాంసం లేకుండా) అని ఊరుకుంటే కోడిమాంసం వేసి తెస్తారు, ఇక్కడ కార్నే అంటే చాలామందికి గొడ్డుమాంసమే. "సిన్ పోయో" (కోడి లేకుండా) అని కూడా చెప్పాలి.