బున్యు కాడలు విరగకుండా ఉండాలంటే

పోర్చుగల్‌లోని సాంతరేం నుంచి తెచ్చుకున్న బున్యు (నీటి ఒడ్డున పెరిగే, అల్లికకు వాడే తుంగ జాతి మొక్క) కాడలు పొడిగా అల్లితే పుటుక్కున విరిగాయనీ, రాత్రంతా నానబెట్టి అల్లితే ఆరాక చాప వదులైందనీ రాశారు. టెన్షన్ పడకండి, కాడల్లో లోపం లేదు. బాగా నానితే ఉబ్బుతాయి, ఆరాక సన్నబడతాయి, అల్లిక మధ్య సందులొస్తాయి.

కాసేపు తడిపి, తడి తుండుగుడ్డలో చుట్టి కొన్ని గంటలు ఉంచండి. వేలికి చుడితే విరగకుండా లొంగాలి. మన చాపల తుంగలా ఇది సన్నం కాదండీ, లోపలంతా స్పాంజిలా ఉంటుంది. అందుకే అల్లే ముందు గుడ్డతో పట్టుకుని కొన నుంచి మొదలు వైపు గట్టిగా దూయండి. లోపలి గాలీ నీరూ బయటికొచ్చి కాడ రిబ్బన్‌లా చదునవుతుంది. ఈ ఒక్క పనీ మానొద్దు, చాప బిగువంతా ఇక్కడే ఉంది.

మిగిలిన కాడల్ని తడిగుడ్డలోనే వదిలేస్తే బూజు పడుతుంది. ఆ రోజే నీడలో ఆరబెట్టేయండి.