ఏట్లో బంగారం కడుగుతానన్న నా తమ్ముడి కొడుక్కి

బిడ్డా,

నువ్వు పంపిన వీడియో రెండుసార్లు చూశాను. హన్మకొండలో షాపు పని మానేసి, ఇద్దరు దోస్తులతో కలిసి ఈ ఎండాకాలం మంగపేట వైపు గోదావరిలో దిగుతానంటున్నావు. మీ బాపు ఫోన్‌లో మస్తు కోపం మీదున్నాడు. నాకు కోపం లేదు. మీ తాత వెంట పన్నెండు ఎండాకాలాలు ఆ ఇసుక కడిగాను. ఆ తర్వాత వరంగల్‌లో అవుసులోళ్ల (కంసాలుల) దుకాణాల ఊడ్పు మట్టి కడిగి, అందులోని బంగారం పొడి తీసి ఇల్లు నడిపాను. మరిగె, అంటే బంగారం కడిగే చెక్క పళ్లెం, అంచున పసుపు నలుసు నిలబడితే ఒళ్లు ఎట్లా జల్లుమంటుందో నాకు తెలుసు. తెలుసు కాబట్టే ఇంత పొడుగు రాస్తున్నాను.

షాపు పని ఇప్పుడే మానకు. నీళ్లు తోడే మోటారుకు అడ్వాన్సు కూడా ఇవ్వకు. మా రోజుల్లో ఏట్లో దిగితే అడిగేవాళ్లు లేరు. ఇప్పుడు అట్లా కాదు. 1957 గనుల చట్టం ప్రకారం అనుమతి లేకుండా ఖనిజం తవ్వకూడదు, బంగారం కూడా ఖనిజమే. ఏటూరునాగారం దిక్కు పోతే అభయారణ్యం, అక్కడ ఫారెస్టోళ్ల లెక్క వేరే. ముందు జిల్లా గనుల శాఖ ఆఫీసుకు పోయి అడుగు. చేతికి కాగితం వచ్చేదాకా ఏట్లో పార పెట్టొద్దు. ఈ విషయంలో నీ దోస్తులు ఏం చెప్పినా వినకు.

ఆ లోపు ఇంటి దగ్గరే చెయ్యి తిప్పడం నేర్చుకో. సీసం ముక్కను కత్తితో గోకి, ఆవగింజలో సగమంత ముక్కలు పది లెక్కపెట్టి తియ్యి. తట్టెడు ఇసుకలో కలిపి, నీళ్ల తొట్టిలో కడుగు. పదికి పది దొరకాలి. మొదట్లో నాలుగో ఐదో దొరుకుతాయి, మిగతావి ఎక్కడ జారిపోయాయో నీకే తెలియదు. బంగారం సీసంకన్నా బరువే, కానీ ఏటి బంగారం పొట్టులాగా పలుచగా ఉంటుంది, సీసంకన్నా తొందరగా జారిపోతుంది. వరుసగా మూడు రోజులు పదికి పది తీస్తే నాకు ఫోన్ చెయ్యి. అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కో, సీసం మంచిది కాదు.

ఇక ఏట్లో ఎక్కడ చూడాలంటావా. బంగారం మామూలు ఇసుకకన్నా ఏడింతలు బరువు. వరద జోరు తగ్గినచోట అన్నింటికన్నా ముందు అదే కూర్చుంటుంది: ఏరు మలుపు తిరిగే దగ్గర లోపలి ఒడ్డున, పెద్ద బండ వెనక, ఒర్రె (చిన్న వాగు) వచ్చి ఏట్లో కలిసేచోటికి కాస్త కింద. పైన మెరిసే తెల్ల ఇసుకను ముట్టుకోకు, అది ఉత్తదే. గులకరాళ్లు, నల్ల ఇసుక కలిసిన పొర దాకా పోవాలి. అడుగున బండ తగిలితే ఇంకా మంచిది. బండ నెర్రెల్లో ఇరుక్కున్న మట్టిని ఇనుప చువ్వతో గీకి, చీపురుతో ఊడ్చి తెచ్చుకో. మీ తాత ఒక్క నెర్రె దగ్గర పొద్దంతా కూర్చునేవాడు. పక్కోళ్లు అప్పటికి పది గుంతలు తవ్వి అలసిపోయేవాళ్లు.

కడగడంలో మొదటి ముప్పావు పని ఎవడైనా చేస్తాడు. రాళ్లు ఏరెయ్యడం, బురద పోగొట్టడం, మరిగెను నీళ్లలో ముంచి ఊపడం. కష్టమంతా చివరి నీళ్లలో ఉంది. మరిగెలో పిడికెడు నల్ల ఇసుక మిగిలాక చెయ్యి నెమ్మది కావాలి. గుక్కెడు నీళ్లు పోసి, మరిగెను నీవైపు కాస్త వంచి, గుండ్రంగా తిప్పు. నల్ల ఇసుక నెలవంకలాగా పరుచుకుంటుంది, పసుపు దాని తోక దగ్గర వెనకబడుతుంది. అక్కడే తొందరపడతారు. మరీ సన్నటి పొట్టు నీళ్ల మీద తేలిపోతుంది కూడా. అందుకని మీ తాత కుంకుడు రసం ఒక చుక్క వేసేవాడు, తేలిందల్లా మునిగేది. అప్పుడు అర్థం కాలేదు గానీ, నీళ్ల పైన ఉండే బిగువును అది విడగొడుతుంది. ఆ నల్ల ఇసుకను పారబొయ్యకు. ఆరబెట్టి, అయస్కాంతానికి కాగితం చుట్టి పైనుంచి తిప్పితే ఇనుప ఇసుక లేచిపోతుంది, మిగిలిందాన్ని మళ్లీ కడగొచ్చు.

మెరిసిందల్లా చూసి టెన్షన్ పడకు. నీడలోకి తీసుకుపో. అభ్రకం ఎండలో తళుక్కుమని నీడలో చచ్చిపోతుంది, బంగారం రంగు ఎక్కడైనా అదే. సూదితో నొక్కితే బంగారం సొట్ట పడుతుంది, గంధకం కలిసిన ఇనుపరాయి పిండి అవుతుంది.

నా అనుభవంలో మనిషిని కాపాడేది మరిగె కాదు, నోటు పుస్తకం. 1986 ఆగస్టు వరద పెద్దల నోట విన్నావు కదా, భద్రాచలంలో 75 అడుగులు దాటింది. మరుసటి ఎండాకాలం ఇసుక కొత్తగా పడింది. మొదటి వారం నలభై తట్టలకు గురిగింజ బరువు బంగారం వచ్చింది. తొంభై ఆరు గురిగింజలైతే పాత తులం. ఇంట్లో పండుగే. మూడో వారానికి అదే గురిగింజకు డెబ్బై తట్టలు, ఐదో వారానికి నూట ఇరవై. నేను బొగ్గుతో గోడ మీద గీతలు పెట్టేవాణ్ణి. మీ తాతకు చూపించాను. "రేపు తగుల్తది" అన్నాడు. ఊరంతా తునికాకు కోతకు పోతే మేము మాత్రం ఏట్లోనే ఉన్నాం. ఆ ఏడు తునికాకు పైసలు లేవు, బంగారమూ లేదు, మా అక్క పెళ్లి ఆగింది. ఆ గీతలు మూడో వారంలోనే చెప్పాయి, మేమే వినలేదు.

కాబట్టి రోజూ రాయి: ఎన్ని తట్టలు, ఎంత బరువు, ఎంతమంది, ఎన్ని గంటలు, డీజిలు, తిండి. నలుసుల లెక్క రాయకు, నలుసులు మోసం చేస్తాయి, తూకం రాయి. ఆ పక్కనే ఆ రోజు మిరప ఏరడానికి పోతే ఎంత కూలి వచ్చేదో కూడా రాయి. పది రోజులు వరుసగా కూలికన్నా తక్కువ వస్తే చోటు మార్చు. రెండు చోట్లు మార్చినా అంతే ఉంటే ఇంటికి వచ్చెయ్యి. 2022 వరద తర్వాత మళ్లీ నిండి ఉంటుందని నీ దోస్తు అన్నాడట. వరద తెస్తుంది, నిజమే. కానీ ఎగువన మేడిగడ్డ, తుపాకులగూడెం బ్యారేజీలు వచ్చాయి, బరువైనది నీళ్లు నిలిచినచోటే ముందు ఆగుతుంది. కింద గులకపొరను ఇసుక లారీలు ఎత్తుకుపోయాయి. మేము కడిగిన ఏరు కాదిది.

పాదరసం మాత్రం ముట్టనని నాకు మాటివ్వు. సన్నటి బంగారాన్ని పట్టుకుంటుందని ఎవడో ఒకడు చిన్న సీసా తెస్తాడు. మా పక్క గుడిసెలో ఒకాయన పాదరసం, బంగారం కలిసిన ముద్దను ఇంట్లోనే కుంపటి మీద కాల్చేవాడు. దాని ఆవిరికి వాసన ఉండదు, కంటికీ కనపడదు. రెండేళ్లకు ఆయన చాయ్ కప్పు పట్టుకుంటే సగం ఒలికేది. ఏట్లో పడిన పాదరసం చేపల్లోకి పోతుంది, ఆ చేపలు తినేది మన పిల్లలే. సన్నటిది పోతే పోనియ్యి. దొరికినంత దాన్ని వెలిగారం వేసి మూసలో కరిగించడానికి నాకు తెలిసిన అవుసులాయన ఉన్నాడు, తీసుకుపోతాను.

మీ తాత మరిగె మా అటక మీద గుడ్డలో చుట్టి ఉంది. సీసం ముక్కల సంగతి పూర్తయ్యాక వచ్చి తీసుకుపో. ఎండలో పెట్టకు, నెర్రె పడుతుంది. వాడే ముందు ఒక రాత్రి నీళ్లలో నానబెట్టు.

మీ పెదనాయిన