క్షమాభిక్ష అర్జీ రాసే ముందు

అమ్మాయ్,

నీ ఫోను పెట్టేశాక నిద్ర పట్టక ఇది రాస్తున్నా. నీ ఉరిశిక్ష కేసులో తీర్పును మళ్లీ చూడమన్న రివ్యూ పిటిషన్‌ను కూడా సుప్రీంకోర్టు కొట్టేసిందన్నావు. జైలు సూపరింటెండెంటు ఆ సంగతి ఖైదీకి ఏ తేదీన చెప్పాడో ముందు కనుక్కో. పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 472వ సెక్షన్ కింద అక్కణ్నుంచి 30 రోజులే గడువు.

అర్జీ ముందు గవర్నరుకే పెట్టు. నేరుగా రాష్ట్రపతికి రాసేసి ఉన్న ఒక మెట్టును చేజేతులా వదులుకునేవాళ్లను చాలామందిని చూశాను. రాజ్యాంగం 161వ అధికరణం కింద ఉరిని యావజ్జీవంగా మార్చే అధికారం రాష్ట్రానికీ ఉంది. సంతకం గవర్నరుదే, నిర్ణయం మాత్రం మంత్రివర్గానిది. రాజీవ్ గాంధీ హత్య కేసు ఖైదీ పేరరివాళన్ని విడుదల చేయమని తమిళనాడు క్యాబినెట్ 2018 సెప్టెంబరులో సిఫార్సు చేస్తే, గవర్నరు ఫైలు నానబెట్టి చివరికి రాష్ట్రపతికి తోసేశారు. అలా కుదరదని 2022 మేలో సుప్రీంకోర్టు తనే విడుదల చేసింది. అప్పటికి అతని శిక్ష యావజ్జీవమే అనుకో, అధికారం మాత్రం ఇదే. అందుకని గవర్నరు కార్యాలయం రసీదుతో సరిపెట్టుకోకు, సచివాలయంలో హోంశాఖ ఇన్‌వార్డ్ నంబరు కూడా రాసుకో. అక్కడ కాదంటే రాష్ట్రపతికి వెళ్లడానికి 60 రోజులుంటాయి.

ఇక రాయడం. నా మొదటి అర్జీ నలభై పేజీలు! సాక్షుల మాటల్లో తేడాలన్నీ మళ్లీ ఏకరువు పెట్టాను. అప్పీలుకే అట్ట మార్చినట్టుంది. దస్తావేజు చూపించి గొప్పగా చదువుతుంటే, ములాఖత్ గది బయట ఆ ఖైదీ తల్లి కొంగుముడి విప్పి పాలిథిన్ కవరు చేతిలో పెట్టింది. మడతల దగ్గర చిరిగిన బడి టీసీ, పిచ్చాసుపత్రి ఓపీ చీటీ. కింది కోర్టు నుంచి నాదాకా ఆమెను ఆ చీటీ అడిగినవాడు లేడు. అర్జీ అంతా చించి మళ్లీ రాశాను, తొమ్మిది పేజీలొచ్చింది.

మతిస్థిమితం లేకపోవడం, అర్జీ మీద అకారణ జాప్యం ఉరి మార్చడానికి కారణాలేనని 2014 శత్రుఘ్న చౌహాన్ తీర్పు. కాబట్టి వైద్యం కాగితాలు, అర్జీ కదిలిన ప్రతి తేదీ దగ్గర పెట్టుకో. తిరస్కరించినా ఉరికి ముందు 14 రోజులు ఇవ్వాలనీ అందులోనే ఉంది.

చనిపోయినవాళ్ల గురించి ఒక్క మాట కూడా తక్కువ చేసి రాయకు. చిలకలూరిపేట బస్సులో 1993లో దోపిడీకి వచ్చినవాళ్లు నిప్పు పెడితే 23 మంది కాలిపోయారు. ఆ కేసులో ఒక రాష్ట్రపతి కాదన్నాక, ఉరి తేదీ కూడా ఖరారయ్యాక, మళ్లీ అర్జీలు పెట్టారు. 1998లో తర్వాతి రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ శిక్ష మార్చారు. ఒకసారి కాదన్నారని కట్ట కట్టి అటకెక్కించకు.

శనివారం రా. నీ ఖైదీ వాళ్లమ్మను కూడా తీసుకురా, బస్సు ఛార్జీ నేనిస్తాను. ఆవిడ దగ్గర ఏ కాగితం ఉన్నా పట్టుకురమ్మను, ఏది పనికొస్తుందో మనం చూద్దాం.