తండా వార్తలే ఎందుకు బిడ్డా?

బిడ్డా,

నీ ఉత్తరం అందింది. ములుగు డేట్‌లైన్‌తో వచ్చిన నీ వార్తలు కూడా చదివాను. "తండాలు, గూడేలు నువ్వే చూసుకో, నీకైతే తెలుస్తది" అని బ్యూరోలో అప్పజెప్పారట. అది గౌరవమో చిన్నచూపో తేల్చుకోలేకపోతున్నానని రాశావు. నన్నడిగితే రెండూ కాదు, వాళ్లకు పని సులువవుతుంది, అంతే. కానీ నువ్వు అక్కడే ఆగిపోతే నీకూ నష్టం, పేపర్‌కూ నష్టం.

1989లో ఈనాడు జిల్లా ఎడిషన్లు మొదలుపెట్టాక తెలుగు పేపర్లలో ఊరి మోరీ, బోరింగు కూడా వార్తలయ్యాయి. మంచిదే. ఊళ్లు పేపర్‌కెక్కాయి గానీ ఊళ్లో అందరూ ఎక్కలేదు. మన ఏజెన్సీ, అంటే గిరిజనులుండే అడవి ప్రాంతం, ఎప్పుడెప్పుడు కనబడుతుందో చూడు. వానాకాలంలో "మంచం పట్టిన గూడెం". రెండేళ్లకోసారి మేడారం జాతర. ఫారెస్టోళ్లతో పోడు గొడవ. లేదంటే ఎన్‌కౌంటర్. పత్తి రేటు మీద ఒక కోయ రైతు, పదో తరగతి ఫలితాల మీద ఒక గోండు టీచరమ్మ మాట్లాడితే నువ్వెప్పుడైనా చదివావా? జ్వరాల వార్త రాయొద్దని కాదు, రాయాల్సిందే. జ్వరం తగ్గాక కూడా ఆ మనుషులు అక్కడే ఉంటారు కదా, మనమే పోం.

జిల్లా పేజీల్లో ఫొటో కింద రాసే లైను ఒకసారి గమనించు. చెక్కుల పంపిణీ ఫొటో అనుకో. ఎమ్మెల్యే పేరు, కలెక్టర్ పేరు, ఎంపీడీవో పేరు, వెనకాల తొంగిచూస్తున్న నాయకుడి పేరు వరుసగా ఉంటాయి. చెక్కు పట్టుకున్న ఆమె మాత్రం "లబ్ధిదారురాలు". ఫొటో నడిమధ్యలో ఉన్నది ఆమే, పేరు లేనిదీ ఆమే. ఆమె పేరడగడానికి అర నిమిషం పట్టదు. అడుగు, ఇంటిపేరుతో సహా రాసుకో. ఒక్క జాగ్రత్త. అత్యాచార బాధితుల పేరు గానీ, వాళ్లెవరో తెలిసే ఆనవాళ్లు గానీ రాయడానికి చట్టం ఒప్పుకోదు. చిన్న గూడెంలో తెగ పేరు రాసినా ఆమె ఎవరో జనం పోల్చుకుంటారు.

పేరు రాశాక ఆమె మాట ఎక్కడ పెడుతున్నావన్నది ఇంకో సంగతి. జాగా తక్కువైతే డెస్క్‌లో కింది నుంచి కోస్తారు. అధికారి వివరణ పైన, ఆమె గోడు ఆఖరి పేరాలో పెడితే ఎవరు ఎగిరిపోతారో నీకు చెప్పనక్కర్లేదు. రెండో పేరాలోనే ఆమెను మాట్లాడనివ్వు. సబ్ ఎడిటర్ కోయాలన్నా వార్తంతా తిరగరాయాల్సి వస్తుంది. ఆ ఓపిక రాత్రి పూట ఎవరికీ ఉండదులే.

మేడారానికి ఎలాగూ నిన్నే పంపుతారు. 1996లో రాష్ట్ర పండుగ అయినప్పటి నుంచి ఆ వార్తలన్నీ ఏర్పాట్ల వార్తలే అయ్యాయి. ఎన్ని బస్సులు, ఎంత మంది పోలీసులు, ఏ వీఐపీ ఎప్పుడొచ్చాడు. "తెలంగాణ కుంభమేళా" అన్న ముద్ర ఒకటి. గద్దెల మీద విగ్రహమే లేని జాతరకు కుంభమేళాతో ఏం పోలిక? చిలకలగుట్ట నుంచి సమ్మక్కను, కన్నెపల్లి నుంచి సారలమ్మను తెచ్చే కోయ పూజారులు, వడ్డెలతో జాతరకు నెల ముందే పోయి కూర్చో. జాతర రోజుల్లో వాళ్లకు తీరిక ఉండదు, నీకూ ఉండదు.

ఇప్పుడు నీకు కష్టమైన సంగతి. నువ్వు లంబాడా బిడ్డవి. బ్యూరోలో వాళ్లకు తండా, గూడెం అన్నీ ఒకటే, అందరూ "గిరిజనులు". ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరులో దిగితే అలా ఉండదు. 1976 సవరణతో తెలంగాణ లంబాడాలు ఎస్టీ జాబితాలోకి వచ్చారు. దాంతో ఉద్యోగాలు, సీట్లు, భూములు తమకు దక్కకుండా పోతున్నాయని గోండులు, కోయలు, కొలాములు అంటారు. 2017 చివర్లో ఆదిలాబాద్‌లో అది పెద్ద గొడవే అయింది. చట్టప్రకారం వచ్చిన హక్కు, మేమూ పేదోళ్లమే అని మీవాళ్లంటారు. అక్కడ నీ ఇంటిపేరు వినగానే కొన్ని నోళ్లు మూతపడతాయి. దానికి నొచ్చుకోకు. నువ్వెవరో ముందే చెప్పెయ్. ఫైల్ చేసేముందు నమ్మకమున్న ఒక ఆదివాసీ విలేకరికి వార్త చదివి వినిపించి, ఏం తప్పిపోయిందో అడుగు. ఒప్పుకోమని కాదు, ఏది నీ కంట పడలేదో తెలుసుకోవడానికి.

పోలీసుల ప్రెస్‌నోట్లతోనూ జాగ్రత్త. తెగలకు తెగలనే పుట్టు నేరస్థులని ముద్రవేసిన బ్రిటిష్ వాళ్ల నేరస్థ తెగల చట్టం 1871లో వచ్చి 1952లో పోయింది. మన క్రైమ్ పేజీలో ఇంకా పోలేదు. దొంగ దొరికితే వాడి తెగ పేరుతో గ్యాంగ్ అని రాస్తారు. పెద్ద కులపోడు బ్యాంకును ముంచితే కులం పేరు రాస్తారా?

డెస్క్‌లో ఇవన్నీ పట్టించుకునేవాళ్లు లేరని రాశావు. 2019లో ఆక్స్‌ఫామ్ ఇండియా అనే సంస్థ, న్యూస్‌లాండ్రీ అనే వార్తా వెబ్‌సైట్ కలిసి చూస్తే మీడియా సంస్థల 121 పెద్ద కుర్చీల్లో 106 అగ్రకులాల వాళ్లవే. ఎస్సీ, ఎస్టీలు ఒక్కరూ లేరు. అందుకే నిన్ను తండాలకే కట్టెయ్యనివ్వొద్దు అంటున్నాను. రేపు డెస్క్‌లో కూర్చోవాలంటే మార్కెట్, కోర్టు, బడ్జెట్ అన్నీ రాసి ఉండాలి. మిర్చి సీజన్ వస్తోంది, వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డు వార్తలు అడుగు. ఇవ్వకపోతే సెలవు రోజు పోయి రాయి. రేటు ఎవరు చెబుతున్నారు, తరుగు ఎంత తీస్తున్నారు, ఎనుమాముల దాకా బస్తా తెచ్చిన తండా రైతు చేతికి ఆఖరికి ఎంత వచ్చింది, తక్‌పట్టీలు, అంటే అమ్మకం రసీదులు, చూసి లెక్క కట్టు. వార్త పంపేముందు నాకు ఫోన్ చెయ్.

మీ సార్
హనుమకొండ