బ్యూగిల్ ఊదుతారా, వాయిస్తారా?

సందేహం: మేం ఇండియానాపొలిస్‌లో ఉంటున్నాం. మా అమ్మాయి ఇక్కడి డ్రమ్ అండ్ బ్యూగిల్ కోర్‌లో చేరింది. మా తెలుగు సంఘం పత్రికకు దాని గురించి రాస్తుంటే మూడు చోట్ల పెన్ను ఆగిపోయింది. దీన్ని ‘బాకా డప్పుల దళం’ అనవచ్చా? ‘కోర్’ అని రాయాలా, ‘కార్ప్స్’ అనా? అమ్మాయి బ్యూగిల్ ‘ఊదింది’ అనాలా, ‘వాయించింది’ అనాలా?
– ఒక పాఠకురాలు

సమాధానం: ముందు తేలికైన సంగతి చూద్దాం. ‘కోర్’ అనే రాయండి. ఆ మాట ఇంగ్లీషులోకి ఫ్రెంచి నుంచి వచ్చింది. చివరి అక్షరాలు రాతకే గాని నోటికి కావు. ‘కార్ప్స్’ అంటే ఇంగ్లీషు తెలిసినవాళ్లకు శవం గుర్తొస్తుంది.

‘బాకా డప్పుల దళం’లో మాటకు మాట సరిగ్గానే పెట్టారు. చిక్కల్లా ఆ మాటలు మన జాతీయాల్లో ఎక్కడెక్కడ తిరిగొచ్చాయన్నదే. ‘బాకా ఊదడం’ అంటే ఒకరిని అదేపనిగా పొగడటం. ‘సొంత డప్పు కొట్టుకోవడం’ ఏమిటో చెప్పక్కర్లేదు. ఈ రెంటినీ ఒకచోట చేర్చితే ఎన్నికల వేళ నాయకుడి వెంట తిరిగే జనం కళ్లముందు నిలుస్తారు. ఇక ‘దళం’ అనగానే మా తరంవాళ్లకు అడవి గుర్తొస్తుంది. పోనీ, ‘బ్యాండు మేళం’ అందామా అంటే అదీ కుదరదు. మన పెళ్లి బ్యాండులో క్లారినెట్‌ది పెద్దపీట. డ్రమ్ కోర్‌లో క్లారినెట్, ఫ్లూట్, శాక్సఫోన్ లాంటివి ఉండవు. ఉండేవి ఇత్తడి వాద్యాలు, డ్రమ్ములు, జెండాలు తిప్పే కలర్ గార్డు. అందుకే వాళ్లని ‘మార్చింగ్ బ్యాండు’ అన్నా నొచ్చుకుంటారు. ‘డ్రమ్ కోర్’ అని ఉన్నదున్నట్టు రాసి, మొదటిసారి వచ్చినచోట అదేమిటో ఒక వాక్యంలో చెప్పండి, చాలు.

అసలు ప్రశ్న మూడోది. తెలుగులో శంఖం ఊదుతాం, పూరిస్తాం, వాయించం. పిల్లవాడు బూర ఊదుతాడు. కాని సన్నాయి దగ్గరికి వచ్చేసరికి ‘ఊదడం’ ఉన్నా, విద్వాంసుడు రాగం ఎత్తుకున్నాక ‘వాయించారు’ అనే అంటాం. రెండింటిలోనూ పని చేసేది ఊపిరే. నా లెక్కలో తేడా ఎక్కడుందంటే, కబురు చెప్పడానికైతే ఊదడం, సంగీతమైతే వాయించడం.

ఈ తేడాతో చూస్తే బ్యూగిల్ చరిత్ర తమాషాగా ఉంటుంది. బ్యూగిల్ అనే మాటకు మూలంలో అర్థం ఎద్దు, దాని కొమ్ము. మన ‘కొమ్ము’ కూడా పశువు తలమీదా, వాద్యంగానూ ఒకే మాట కదా! పాతకాలపు సైనిక బ్యూగిల్‌కు మీటలు (వాల్వులు) ఉండవు. పెదాల బిగువుతో పలికించాల్సిందే. దానికి దక్కే స్వరాలు కొన్నే. అమెరికా సైనికుల అంత్యక్రియల్లో వినిపించే ‘ట్యాప్స్’ మొత్తం నాలుగే స్వరాల మీద నడుస్తుంది. లేవండి, తినండి, పడుకోండి అని చెప్పడానికి అంతకుమించి అక్కర్లేదు. దాన్ని నిస్సందేహంగా ‘ఊదారు’ అనాలి.

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికన్ లీజియన్, వెటరన్స్ ఆఫ్ ఫారిన్ వార్స్ లాంటి మాజీ సైనికుల సంఘాల అండతో ఈ కోర్‌లు ఊరూరా పెరిగాయి. నాలుగు స్వరాలతో పోటీలెలా నెగ్గుతారు? బ్యూగిల్‌కు ఒక మీట వచ్చింది, తర్వాత రెండయ్యాయి. 1971లో కోర్‌లే కలిసి పోటీలు నడిపే సంస్థగా డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ పెట్టుకున్నాయి. 1972లో విస్కాన్సిన్‌లోని వైట్‌వాటర్‌లో మొదటి ఛాంపియన్‌షిప్ జరిగింది. నియమాలు వాళ్ల చేతికొచ్చాక మార్పులు జోరందుకున్నాయి. 1990లో మూడో మీటకు అనుమతి వచ్చింది. దాంతో అన్ని స్వరాలూ అందాయి. 2000లో బ్యూగిల్ ‘జీ’ శ్రుతిలోనే ఉండాలన్న కట్టుబాటు పోయింది. అప్పటినుంచి చాలా కోర్‌లు మామూలు ట్రంపెట్లు, మెలొఫోన్లు, ట్యూబాలే పట్టుకుంటున్నాయి. 2004లో మైకులు వచ్చాయి. 2009లో ఎలక్ట్రానిక్ కీబోర్డులకూ దారి దొరికింది. 2014 నుంచి ట్రాంబోన్ కూడా చేరింది. ప్రతిసారీ పాతకాపులు ‘ఇక ఇది డ్రమ్ కోర్ కాదు’ అని గొడవ చేస్తూనే వచ్చారు. వాద్యం పోయినా పేరులో బ్యూగిల్ మిగిలింది. అందులో వింతేమీ లేదు, భాషలో పేర్లు ఇలా నిలిచిపోతూనే ఉంటాయి.

అందుచేత మీ అమ్మాయి చేతిలో ఏముందో ముందు కనుక్కోండి. బహుశా ట్రంపెటో మెలొఫోనో అయ్యుంటుంది. అయితే ‘బ్యూగిల్’ అనకుండా ఆ పేరే రాయండి, క్రియ ‘వాయించింది’ అని పెట్టండి. అమెరికా మెరైన్ల సొంత డ్రమ్ అండ్ బ్యూగిల్ కోర్ మాత్రం ఇప్పటికీ రెండు మీటల ‘జీ’ బ్యూగిళ్లనే వాడుతోంది. వాళ్ల గురించి రాసేటప్పుడు ‘బ్యూగిల్ వాయించారు’ అనండి. పాటలు పలికిస్తున్నారు కాబట్టి ‘ఊదారు’ చాలదు.

పత్రికల్లో కనిపించే ‘ఎన్నికల బ్యూగిల్ మోగింది’ తప్పు కాదు. అక్కడ కబురే ముఖ్యం, ఎవరు ఊదారన్నది కాదు.

డ్రమ్ముల సంగతి మీరు అడగలేదు గాని, వ్యాసంలో అవీ వస్తాయి. ‘డ్రమ్ములు కొట్టారు’ అని రాయకండి. మృదంగం దగ్గర ‘వాయించారు’ అనే మనమే డప్పు దగ్గరికి వచ్చేసరికి ‘కొట్టారు’ అంటాం. ఆ తేడా వాద్యంలో లేదు, వాయించేవాడి కులంపట్ల మన చూపులో ఉంది. డప్పు కళాకారులు ‘దరువేశారు’ అంటే ఎంత బాగుంటుందో చూడండి. స్నేర్ డ్రమ్ములకు ‘వాయించారు’ అనండి, ఊపుగా రాయాలనుకుంటే ‘దరువేశారు’ కూడా అందంగానే ఉంటుంది.